ఒక్క పోగు చూసి చీర సంగతి చెప్పొచ్చా?

పోయిన నెల మా ఓపీకి భూదాన్ పోచంపల్లి నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఆయనకు యాభై దాటాయి. చిన్నప్పటి నుంచీ గుంట మగ్గం మీదే బతుకు. ఆమె ఆసు పోస్తుంది, రంగులద్దే ముందు దారానికి ముడులు కడుతుంది. రిపోర్టులన్నీ తేదీల వరుసలో చీర కవర్లో పెట్టుకొచ్చారు. ఇంత పద్ధతైన ఫైలు ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో రోజూ కనిపించదు.

కాగితాలు తిరగేశాను. ఎస్‌జీపీటీ ఎనిమిది నెలలుగా నూరుకు తగ్గడం లేదు. మామూలుగా నలభై లోపు ఉండాలి. కామెర్లు లేవు. హెపటైటిస్ బి, సి రెండూ లేవు. కల్లు పండగకు తప్ప ముట్టడు. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అని రాశారు. షుగరు అంచు మీద ఉంది. ఒంటి రక్షణ వ్యవస్థ సొంత కాలేయం మీదే తిరగబడిందేమో చూసే ఏఎన్‌ఏ పరీక్ష కొద్దిగా పాజిటివ్ వచ్చింది. కవర్ అడుగున, నాలుగు మడతలు పెట్టిన చీటీ ఒకటి. అయిదు నెలల కిందట ఒక డాక్టరు రాసింది: లివర్ బయాప్సీ చేయించాలి.

"మరి చేయించుకోలేదేం?" అన్నాను. ఆయన తల దించుకున్నాడు. ఆమె చెప్పింది.

"ముక్క తీస్తె లోపలున్నది లేస్తదంట గద సార్. మా ఆడబిడ్డ మామకు గట్లనే తీసిండ్రు. మూడు నెల్లకే పోయిండు."

నేను అలవాటైన జవాబే చెప్పాను. అదంతా అపోహ అమ్మా, భయమేం లేదు అన్నాను. ఆమె అంత తేలిగ్గా వదల్లేదు.

"ఎంత తీస్తరు?"

"దారం పోగంత. రెండు సెంటీమీటర్లు."

"లివరెంతుంటది?"

"కిలోన్నర దాకా ఉంటుంది."

"మరి ఒక్క పోగు చూసి చీర సంగతి ఎట్ల చెప్తరు సార్?"

ఈ ప్రశ్న నన్ను ఎండీ పరీక్షలో ఎగ్జామినర్ అడిగారు. పేషెంటు తరఫు మనిషి అడగడం ఇదే మొదలు. బయట ఇంకో అరవై మంది క్యూలో ఉన్నారు. ఏదో రెండు ముక్కల్లో చెప్పి, వచ్చే గురువారం రమ్మని పంపాను. ఇంటికెళ్లాక అనిపించింది, ఆమె అడిగిన రెండింటికీ నేను సరైన జవాబు చెప్పలేదని. ఇలాంటి చీటీ మీ ఇంట్లో కూడా ఏ కవర్లోనో మడత పెట్టి ఉంటే, ఆ రోజు నేను చెప్పాల్సింది ఇక్కడ చదవండి.

ఆ భయంలో కొంత నిజం ఉంది

ముందుగా, ముక్క తీస్తే లేస్తుందన్న మాట. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం మా వాళ్లకు అలవాటు. పూర్తిగా మూఢనమ్మకం కాదు. కాలేయంలో పుట్టే క్యాన్సర్ గడ్డలోకి సూది గుచ్చితే, సూది వచ్చిన దారి వెంట ఆ కణాలు కొన్ని అంటుకుని పెరగడం వైద్యశాస్త్రానికి తెలిసిన విషయమే. పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ఇది సుమారు వంద మందిలో ఇద్దరు ముగ్గురికి జరిగింది. అందుకే ఇప్పటికే సిర్రోసిస్ ఉన్న మనిషిలో గడ్డ కనిపిస్తే, మందు ఎక్కించి మూడు దశల్లో తీసే సీటీ స్కానుతోనో ఎమ్మారైతోనో చాలాసార్లు క్యాన్సర్ అని తేల్చేస్తాం. సూదితో పని ఉండదు. ఆపరేషన్‌కో, లివర్ మార్పిడికో వీలున్న గడ్డ అయితే సర్జన్లు సూది జోలికే పోవద్దంటారు. స్కానులో తేలని గడ్డకు, వేరే చోటి నుంచి వచ్చిందేమో అని అనుమానమున్న గడ్డకు మాత్రం ముక్క తీయక తప్పదు. ఏ క్యాన్సరో తెలియకుండా ఏ మందు ఇస్తాం?

కాబట్టి ఆమె ఆడబిడ్డ మామ సంగతి నేను కొట్టిపారేయలేను. ఆయన జబ్బేమిటో, ఏ స్థితిలో తీశారో నాకు తెలియదు. ఒకటి మాత్రం రోజూ చూస్తాం. ముదిరిన తర్వాత ఆసుపత్రికి వస్తారు, వచ్చాక ముక్క తీస్తాం, ఆ తర్వాత మనిషి పోతాడు. ఊళ్లో వాళ్లకు ఆఖరున కనిపించేది సూదే. నేరం దాని మీద పడుతుంది.

ఇక గడ్డ లేని మనిషి సంగతి. కాలేయం అంతటా వాపో, కొవ్వో, మచ్చో ఉన్నవారిలో, అంటే మనం చేసే బయాప్సీల్లో పెద్ద భాగం వీళ్లదే, లేవడానికి లోపల క్యాన్సరే లేదు. వాపు సూదితో పాకదు. మచ్చ సూదితో పెరగదు.

అలాగని ఈ పరీక్షలో ప్రమాదమే లేదని నేను అనను. అలా అనే డాక్టరును నమ్మకండి. కాలేయం రక్తం నిండిన అవయవం. సూది గుచ్చితే కాస్త రక్తం రావడం మామూలే, తనంతట తానే ఆగుతుంది. వైద్యం చేయాల్సినంత రక్తస్రావం సుమారు అయిదు వందల మందిలో ఒకరికి అవుతుంది. ప్రాణం పోయేంత ప్రమాదం పదివేల మందిలో ఒకరికి, లేదా అంతకన్నా తక్కువ. పక్కనున్న ఊపిరితిత్తికో, పిత్తాశయానికో సూది తగలడం కూడా ఎప్పుడో ఒకసారి జరుగుతుంది. స్కానింగ్ చూస్తూ చేయడం వల్ల ఇది తగ్గింది. ఈ అంకెలు చెబితే పేషెంటు పారిపోతాడని మా సీనియర్లు కొందరు అనేవారు. నా అనుభవం వేరు. అంకె చెప్పినవాళ్లు కూర్చుని ఆలోచించారు. ఏమీ కాదులే అని చెప్పినవాళ్లే లేచి వెళ్లిపోయారు.

అడగాల్సిన ప్రశ్న

చీటీ చేతికిచ్చినప్పుడు మీరు అడగాల్సింది ఒక్కటే: "ఈ రిపోర్టు వస్తే నా వైద్యంలో ఏం మారుతుంది?"

డాక్టరు దగ్గర జవాబు ఉండాలి. లేకపోతే ఆ బయాప్సీ మీకు అక్కర్లేకపోవచ్చు. ఈ మాట రాసినందుకు తోటి డాక్టర్లు కొందరు కోప్పడతారని తెలుసు.

ఇప్పుడు చాలామందికి నిజంగానే అక్కర్లేదు. హెపటైటిస్ బి, సిలకు మందు మొదలుపెట్టాలా వద్దా అన్నది ఎక్కువగా రక్త పరీక్షలతోనే తేలుతుంది. జాతీయ కార్యక్రమం కింద 2018 నుంచి ఆ మందులు ఉచితం కూడా. ఫ్యాటీ లివర్‌కైతే ముందుగా ఎఫ్‌ఐబీ-4 అనే లెక్క ఉంది. మీ వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్ల సంఖ్య, ఈ నాలుగూ తెలిస్తే ఫోనులోనే వస్తుంది, పైసా ఖర్చు లేదు. 1.3 లోపు వస్తే కాలేయంలో ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. అరవై అయిదు దాటినవారికి ఆ గీత 2 దగ్గర. అంతకన్నా ఎక్కువ వస్తే ఫైబ్రోస్కాన్ చేస్తారు. పక్కటెముకల మీద ఒక పరికరం ఆనించి కాలేయం ఎంత గట్టిపడిందో కొలుస్తారు, సూది లేదు, నొప్పి లేదు. ఈ రెండూ ఒకేమాట చెబితే చాలావరకు అక్కడితో ఆగవచ్చు.

తాగుడు సంగతి వేరే చెప్పాలి. "మందు తాగుతారా?" అంటే "లేదు సార్" అంటారు. కాసేపాగి "కల్లు?" అంటే "కల్లు మందేంది సార్" అని నవ్వుతారు. భార్య పక్కనే ఉంటే ఆ జవాబు ఇంకోలా ఉంటుంది. మీరు ఎంత తాగుతారో ఉన్నదున్నట్టు చెబితే, కారణం తెలియని కాలేయ జబ్బు అనుకుని మేం వెతుక్కుంటూ పోవడం తగ్గుతుంది. కొందరికి ఆ ఒక్క నిజంతోనే సూది తప్పింది. పసరు మందులూ అంతే. కామెర్లకు మింగిన పసరు, కీళ్లనొప్పులకు తెచ్చుకున్న పొట్లాలు, జిమ్ పౌడర్లు, టీబీ మాత్రలు అన్నీ చెప్పండి. కొవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం వాచిందని ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, అది వేరే వాదన. మీరేం మింగారో నాకు తెలియడం ముఖ్యం. కషాయం దాచిపెడితే మేం జబ్బు పేరు తప్పు రాస్తాం.

మరి ఎవరికి తప్పదు? పోచంపల్లి నుంచి వచ్చినాయన లాంటివారికే. ఆయన దగ్గర రెండు అనుమానాలున్నాయి. ఒకటి ఫ్యాటీ లివర్. రెండోది ఆటోఇమ్యూన్ హెపటైటిస్, అంటే సొంత రక్షణ వ్యవస్థే కాలేయాన్ని తినేయడం. మొదటిదానికి మందు బరువు తగ్గడం. రెండోదానికి స్టెరాయిడ్లు, ఏళ్ల తరబడి. మొదటి జబ్బున్నవాడికి పొరపాటున స్టెరాయిడ్లు ఇస్తే బరువు పెరుగుతుంది, షుగరు పెరుగుతుంది, కాలేయంలో కొవ్వూ పెరుగుతుంది. రెండో జబ్బున్నవాడికి స్టెరాయిడ్లు ఇవ్వకుండా నడవమని చెప్పి పంపితే కాలేయం కరిగిపోతుంది. ఏఎన్‌ఏ కొద్దిగా పాజిటివ్ రావడం ఫ్యాటీ లివర్ ఉన్నవారిలోనూ మామూలే కాబట్టి ఆ రక్త పరీక్ష ఒక్కటీ తేల్చదు. ఇక్కడ రిపోర్టు వస్తే వైద్యం మొత్తం మారిపోతుంది.

నాకు మరిచిపోలేని కేసు ఒకటుంది. ముప్పై నాలుగేళ్ల ఆమె. రెండో జబ్బే అని మా అనుమానం. బయాప్సీ రాశాం. ఇంటికెళ్లి అడిగి వస్తామన్నారు. వాళ్లను ఆపి కూర్చోబెట్టి మాట్లాడలేదు. అది మా తప్పు. రెండేళ్ల తర్వాత పొట్టలో నీరుతో, కళ్లు పచ్చగా, స్ట్రెచర్ మీద వచ్చింది. మధ్యలో రెండు ఊళ్లలో పసరు తాగించారు. పొట్టలో నీరున్నప్పుడు పక్కటెముకల మధ్య నుంచి సూది గుచ్చడం ప్రమాదం, రక్తం కూడా గడ్డకట్టడం లేదు. మెడ దగ్గరి సిర లోంచి సన్నటి గొట్టం కాలేయం దాకా పంపి లోపలి వైపు నుంచి ముక్క తీశారు. ఆ పద్ధతి పెద్ద ఆసుపత్రుల్లోనే ఉంటుంది. అనుమానం నిజమే. ముందే మందు మొదలైతే ఈ జబ్బు ఎక్కువమందిలో లొంగుతుంది. ఆమెకు మొదలుపెట్టేనాటికి కాలేయంలో మిగిలింది తక్కువ.

ఆ రోజు ఏం జరుగుతుంది

వారం ముందు నుంచి మొదలుపెడదాం. రక్తం పలచబడే మందులు వాడుతుంటే మొదటిరోజే చెప్పండి. వార్ఫరిన్, ఎసిట్రోమ్, క్లోపిడోగ్రెల్, ఎకోస్ప్రిన్ లాంటివి. కొన్నింటిని అయిదు నుంచి ఏడు రోజుల ముందు ఆపుతాం. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. గుండెలో స్టెంటు ఉన్నవారు సొంతంగా ఆపి గుండెపోటుతో వచ్చిన సందర్భాలు చూశాను. స్టెంటు వేసిన డాక్టరూ మేమూ మాట్లాడుకుని నిర్ణయిస్తాం. ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో కొనుక్కునే డైక్లోఫెనాక్, బ్రూఫెన్ కూడా ఈ లెక్కలోవే. ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే సమయం చూస్తాం. ప్లేట్‌లెట్లు యాభై అరవై వేలకు తగ్గినా, ఐఎన్‌ఆర్ ఒకటిన్నర దాటినా ఆగుతాం, లేదంటే మెడ దారి చూస్తాం.

నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకుండా రమ్మంటారు. కొన్నిచోట్ల తేలికగా టిఫిను తినమంటారు, మీ వార్డులో ఏం చెబితే అది చేయండి. షుగరు మందు వాడేవారు ఆ పొద్దున మాత్ర వేసుకోవాలా అని ముందురోజే అడగండి. వెంట ఒక మనిషి కావాలి, సాయంత్రం దాకా కాదు, మర్నాటి దాకా.

టేబుల్ మీద వెల్లకిలా పడుకోబెడతారు. కుడిచేయి తల కింద పెట్టుకోమంటారు, అలా పెడితే పక్కటెముకల మధ్య చోటు విచ్చుకుంటుంది. స్కానింగ్ పరికరం ఆనించి చోటు చూసి పెన్నుతో గుర్తు పెడతారు. చల్లటి మందుతో తుడుస్తారు. ఆ చోట మాత్రమే మొద్దుబారే సూది వేస్తారు. ఆ సూది చురుక్కుమంటుంది. నా లెక్కలో మొత్తం పరీక్షలో చర్మం దగ్గర తెలిసే నొప్పి అదే. మిమ్మల్ని నిద్రపుచ్చరు, ఎందుకంటే మీరు మాట వినాలి. "ఊపిరి పీల్చండి, వదలండి, ఆపండి" అంటారు. ఊపిరి ఆపినప్పుడు కాలేయం కదలకుండా ఉంటుంది. ఒకటి రెండుసార్లు ఉత్తుత్తిగా ప్రాక్టీసు చేయిస్తారు. చేయించకపోతే మీరే అడగండి.

తర్వాత "టక్" మని చప్పుడు. స్టేప్లర్ కొట్టినట్టు. సూదిలో ఉన్న స్ప్రింగు చప్పుడది. ఇది ముందే తెలియకపోతే మనిషి ఉలిక్కిపడతాడు, అక్కడ ఉలిక్కిపడటం మంచిది కాదు. కుడివైపు లోపల ఎవరో వేలితో గట్టిగా పొడిచినట్టు ఉంటుంది. సూది కాలేయంలో ఉండేది ఒక సెకను, మహా అయితే రెండు. 1883లో జర్మనీలో పాల్ ఎర్లిక్ మొదటిసారి కాలేయంలోంచి సూదితో నమూనా తీశాడు. మెంగిని అనే ఇటలీ వైద్యుడు 1958లో సూది కాలేయంలో ఉండే సమయాన్ని ఒక్క సెకనుకు కుదించే పద్ధతి చూపించాక ఇది అన్ని దేశాల వార్డుల్లోకి వచ్చింది. ముక్క చిన్నదిగా వస్తే రెండోసారి గుచ్చుతారు. రెండోసారి గుచ్చారంటే ఏదో తప్పు జరిగిందని అర్థం కాదు. కుట్లు ఉండవు, చిన్న ప్లాస్టర్ వేస్తారు. గదిలోకి వెళ్లిన ఇరవై నిమిషాల్లో బయటికి వస్తారు.

అసలు పరీక్ష ఆ తర్వాత మొదలవుతుంది, ఓపికకు. రెండు గంటలు కుడివైపు తిరిగి పడుకోమంటారు. కాలేయం మీద ఒంటి బరువే ఒత్తిడి పెడుతుంది. మొదటి గంట రెండు గంటలూ సిస్టర్ పదిహేను నిమిషాలకోసారి బీపీ, నాడి చూస్తుంది, తర్వాత అరగంటకు. ఇబ్బంది వచ్చేవారిలో సగానికి పైగా మొదటి రెండు గంటల్లోనే బయటపడతారు. దాదాపు అందరూ ఇరవై నాలుగు గంటల్లో. అందుకే కొన్నిచోట్ల సాయంత్రానికే పంపిస్తున్నా, దూరం నుంచి వచ్చేవారిని రాత్రి ఉంచాలన్నది నా పట్టుదల. పోచంపల్లి హైదరాబాద్‌కు దూరమేం కాదు. కానీ రాత్రి పదకొండు గంటలకు కడుపులో నొప్పి లేస్తే అక్కడి నుంచి బండి దొరికి, ఆసుపత్రి చేరి, రక్తం ఎక్కించేసరికి ఎంత సేపవుతుందో ఆలోచించండి.

నేను పీజీ చేసే రోజుల్లో ఒక రాత్రి డ్యూటీ. పొద్దున బయాప్సీ అయిన కుర్రాడు కుడి భుజం పట్టుకుని ఏడుస్తున్నాడు. తల్లి వార్డంతా లేపింది. గుండెపోటు అనుకున్నారు. ఈసీజీ తీశాం, అంతా మామూలే. సూది పడింది పొట్టలో, నొప్పి భుజంలో ఏంటని ఆమె నన్ను అడిగితే అప్పుడు చెప్పాను: కాలేయం పైనున్న పొర నరమూ, భుజం నరమూ మెడలో ఒకేచోట మొదలవుతాయి, అక్కడ గుచ్చుకుంటే ఇక్కడ తెలుస్తుంది, పారాసిటమాల్‌తో తగ్గిపోతుంది. "గీ ముచ్చట పొద్దుగాల్నే చెప్తె అయిపోవు గద బిడ్డా" అంది. ఆ పొద్దున సంతకం పెట్టించుకున్నది నేనే. ఇంగ్లీషు కాగితం మీద, "ఇక్కడ పెట్టు" అని వేలు చూపించి.

భుజం నొప్పి, కుడివైపు లాగినట్టుండటం ఒకటి రెండు రోజులు ఉండొచ్చు. కానీ నొప్పి తగ్గకుండా పెరుగుతుంటే, కళ్లు తిరిగి చెమటలు పడితే, ఊపిరి ఆడకపోతే, చలిజ్వరం వస్తే, కళ్లు పచ్చబడితే, విరేచనం తారులా నల్లగా వస్తే, వెంటనే రండి. మర్నాటి ఓపీ కోసం ఆగొద్దు.

ఇంటికెళ్లాక ఒకరోజు బండి నడపొద్దు. వారం రోజులు బరువులెత్తొద్దు. మగ్గం కూడా ఆ లెక్కలోదే. గుంటలో కూర్చుని కాళ్లతో తొక్కుతూ చేత్తో లాగే పని పొట్ట కండరాలతో జరిగేదని మాకు పుస్తకాల్లో చెప్పలేదు, నేతన్నలే చెప్పారు. వారం మగ్గం ఆగితే వారం కూలీ ఆగుతుంది. చాలామంది చీటీని మడిచి పెట్టుకోవడానికి భయం సగం కారణం, ఇది సగం. అమావాస్యకో, ముందు కట్టిన పడుగు అయిపోయాకో తేదీ పెట్టమని అడగండి. అత్యవసరం కానప్పుడు వారం అటూ ఇటూ జరపడం మాకు కష్టమేం కాదు. అయిదు నెలలు జరపడమే కష్టం.

సంతకం గురించి కూడా ఒక మాట. తెలుగులో కాగితం ఇవ్వమని అడిగే హక్కు మీకుంది. ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక పేజీ తెలుగు కాగితం, అందులో టక్ అనే చప్పుడు, భుజం నొప్పి, అయిదు వందల్లో ఒకరు అన్న అంకె, ఎప్పుడు పరుగెత్తుకు రావాలో రాసి, బయాప్సీకి ఒకరోజు ముందు ఇంటికిచ్చి పంపాలి. ఇంటిల్లిపాదీ చదువుకుని వస్తారు. దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, జిరాక్స్ ఖర్చే. మా వార్డులో మొదలుపెట్టాం. కొన్నాళ్లు నడిచింది, కాగితాలు అయిపోయాక ఎవరూ మళ్లీ తీయించలేదు. మళ్లీ తీయించాలి.

పోగు సంగతి

ఇక ఆమె రెండో ప్రశ్న. గురువారం వాళ్లిద్దరూ వచ్చినప్పుడు ఓపీ ముగిశాక కూర్చోబెట్టుకుని చెప్పాను.

బయాప్సీలో తీసేది కాలేయంలో సుమారు యాభై వేలలో ఒక వంతు. ఒకే తొట్టిలో ముంచిన దారమైతే ఒక్క పోగు చూసినా రంగు పట్టిందో లేదో చెప్పొచ్చు. ఆటోఇమ్యూన్ హెపటైటిస్ లాంటి జబ్బులు ఎక్కువగా అలాంటివే, కాలేయమంతా ఒకే తొట్టి. కానీ ఇక్కత్ చీర డిజైన్ మొత్తం చెప్పమంటే ఒక్క పోగు చాలదు. ఫ్యాటీ లివర్‌లో మచ్చ అలా ఉంటుంది, ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. అందుకే రిపోర్టులో మచ్చ దశ సున్నా నుంచి నాలుగు దాకా ఉన్న అంకెల్లో ఒకటి అటో ఇటో తప్పే వీలుంది. దీన్ని తగ్గించడానికే ముక్క కనీసం రెండు సెంటీమీటర్లు ఉండాలంటాం. రక్తనాళాలూ పిత్తనాళమూ కలిసి నడిచే చిన్న కూడళ్లు కనీసం పదకొండు కనపడాలంటాం. రిపోర్టు ఇంటికి తెచ్చుకున్నప్పుడు ఆ పొడవు, ఆ లెక్క రాశారో లేదో చూసుకోండి. అందులో రాసిన దశను రక్త పరీక్షలతో, ఫైబ్రోస్కాన్‌తో కలిపి చదవాలి. మూడూ మూడు రకాలుగా చెబితే మళ్లీ మాట్లాడుకోవాలి.

ఆమె నా మాట మొత్తం విని, "గట్ల చెప్పున్రి మరి" అంది. తప్పు పట్టేవరకూ వదలని నేత పనివాళ్ల గొంతు అది.

ఇంకో సంగతి. ఆ ముక్కను ఫార్మలిన్‌లో వేసి పాథాలజీకి పంపుతారు. మైనంలో పోతపోసి, కాగితం కన్నా పలచగా కోసి, గాజు పలక మీద రకరకాల రంగులద్ది చూస్తారు. వారం దాకా పడుతుంది. ఆ మైనం దిమ్మె పాథాలజీలో భద్రంగా ఉంటుంది. ఇంకో ఆసుపత్రిలో రెండో అభిప్రాయం కావాలంటే, అర్జీ పెట్టి ఆ దిమ్మెనో, స్లైడ్లనో తీసుకెళ్లొచ్చు. చాలాసార్లు మళ్లీ సూది అక్కర్లేదు. మొదటి ఆసుపత్రి మీద అలిగి మళ్లీ గుచ్చించుకోవడానికి వచ్చేవాళ్లను చూస్తుంటాను, అందుకే చెబుతున్నా.

ఆయన చేయించుకున్నాడు. రాత్రి వార్డులోనే ఉన్నాడు. భుజం నొప్పి వచ్చింది, ఎవరినీ లేపలేదు. "సార్ చెప్పిండు గద" అని సిస్టర్‌తో అన్నాడట. రిపోర్టు ఎనిమిదో రోజున వచ్చింది. ఆటోఇమ్యూన్ కాదు. ఫ్యాటీ లివరే, మచ్చ రెండో దశ. స్టెరాయిడ్లు తప్పాయి. ఈ జబ్బుకు 2023లో పెద్దలంతా కూర్చుని కొత్త పేరు పెట్టారు, పేరు మారితే కొవ్వు కరగదు కదా. ఆయన బరువు ఎనభై రెండు కిలోలు. అందులో ఏడు నుంచి పది శాతం తగ్గితే వాపూ, మచ్చా వెనక్కి వెళ్లే వీలుంది. అంటే ఆరు నుంచి ఎనిమిది కిలోలు. రోజంతా గుంటలో కూర్చునే మనిషికి అది చిన్న పనేం కాదు. పొద్దున మగ్గం ఎక్కే ముందు చెరువు కట్ట దాకా నడక, రాత్రి అన్నం సగం, చాయ్‌లో చక్కెర బంద్. అక్కడి నుంచి మొదలుపెట్టాం.

వెళ్లేముందు ఆమె ఆ స్లైడు చూడొచ్చా అని అడిగింది. పాథాలజీ మేడం మంచి మనిషి, ఒప్పుకున్నారు. ముందు ఆమె చూసింది, తర్వాత ఆయన మైక్రోస్కోపు మీద వంగి చాలాసేపు చూశాడు. మచ్చ ఉన్నచోట నీలం రంగు పట్టే అద్దకం అది. సన్నటి నీలిగీతలు ఎర్రటి నేల మీద కనపడతాయి.

"రంగు మంచిగనే పట్టింది సార్," అన్నాడు తలెత్తి, "అంచు దగ్గర జర కారింది."